మూడో మిషన్ బోణీ

మైకుల కంపెనీలో పనిచేస్తున్నానని రాయచూరు బజారులో ఎవరికి చెప్పినా, పెళ్ళికి మైకుసెట్టు కావాలని అడిగేవారు. ఒకాయన అడ్వాన్సు ఇస్తానని జేబులో చెయ్యి కూడా పెట్టాడు. మా మైకు నూక గింజ కంటే కాస్త పెద్దదిగా ఉంటుందని, దాని ముందు నిలబడి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేరని చెబితే ఆయన ముఖంలో జాలి కనిపించింది. మీ ఫోన్‌లో ఉన్నది అదేనండీ అంటే నమ్మలేదు. ఫోన్ అడుగున ఉన్న చిన్న రంధ్రం చూపిస్తే, అందులోకి ఒకసారి ఉఫ్ అని ఊది చూశాడు. అలా ఊదితే పాడవుతుందని చెప్పేలోపే రెండోసారి ఊదాడు.

ఈ మధ్యనే ఆ పని నుంచి రిటైరయ్యాను. ఇలాంటి చోట్ల చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి సలహా అడుగుతుంటారు. సలహాలు ఇవ్వడం నాకు అలవాటు లేదు. ఒక సంగతి చెబుతాను, మీకు పనికొచ్చేది అందులో ఉంటే తీసుకోండి, లేకపోతే కాలక్షేపం అయిందనుకోండి.

మా కంపెనీ లింగసుగూరు రోడ్డు మీద, కల్మల దాటాక, పత్తి చేల మధ్య ఉండేది. పెట్టినాయన బియ్యం మిల్లుల కుటుంబం మనిషి. అందరూ ఆయన్ని సావుకారు అనేవారు. బియ్యంలో మునుపటి లాభం లేదని, బెంగళూరులో తెలిసినవాళ్ళ మాట మీద ఈ వ్యాపారంలోకి దిగాడు. మైకులు మేము తయారు చేసేవాళ్ళం కాదు. వేరే ఊళ్ళో తయారై మా దగ్గరికి వచ్చేవి. వాటిని పరీక్షించి, మంచివాటిని పొడుగాటి టేపులో పొదిగి, చుట్టలుగా చుట్టి పంపడం మా పని. ఆ పరీక్షల విభాగానికి నేను పెద్దని. అంతకుముందు చాలా ఏళ్ళు బెంగళూరులో ఇదే పని చేసి, సొంత జిల్లాలో ఉద్యోగం అనేసరికి పరిగెత్తుకుని వచ్చాను.

సొంత జిల్లా అన్నానే గాని, మాది కవితాళ అవతల కాలువ కింద ఉన్న క్యాంపు. మా నాన్న కోస్తా నుంచి వరి పండించడానికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. మేము ఎన్నేళ్ళున్నా మా మాట కోస్తాదే. కంపెనీలో మిషన్లు వరసగా ఉండే లైన్‌లో ఆడపిల్లలు నా తెలుగు విని నవ్వుకునేవారు. నేను 'ఏమిటమ్మా' అని వెనక్కి తిరిగేలోపు ఎవరో ఒకరు 'ఏమిటమ్మా' అని నాలాగే అనేవారు. కోపం తెచ్చుకుంటే ఇంకా నవ్వుతారని ఊరుకునేవాణ్ణి.

పని ఎలా ఉంటుందో కాస్త చెబుతాను. ఇది తెలియకపోతే తర్వాతిది అర్థం కాదు. మిషన్ ఒక్కో మైకును సన్నని గొట్టంతో పీల్చి పట్టుకుని ఒక చిన్న పెట్టెలో పెడుతుంది. మూత పడుతుంది. పెట్టెలో ఉన్న స్పీకరు ఒక స్వరం వినిపిస్తుంది. అదే పెట్టెలో ఒక పక్కన కొలత మైకు ఎప్పుడూ ఉంటుంది. స్వరం ఎంత గట్టిగా ఉందో అది విని మిషన్‌కు చెబుతుంది. తక్కువగా ఉందంటే మిషన్ స్వరాన్ని పెంచుతుంది. ఆ స్వరం కొత్త మైకుకు ఎంత బాగా వినిపించిందో లెక్క చూసి, సరిపోతే పచ్చ దీపం, సరిపోకపోతే ఎర్ర దీపం. ఇదంతా మనం కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది.

మరి మిషనే తప్పు చెబితే? దానికి రోజూ పొద్దున ఒక పరీక్ష ఉండేది. బాగా వింటుందని పెద్ద ప్రయోగశాలలో కొలిచి తెచ్చిన ఒక మైకును ఒక్కో మిషన్‌కు ఒకటి చొప్పున డబ్బీలో దాచేవాళ్ళం. పిల్లలు దాన్ని 'బంగారం' అనేవారు. పని మొదలుపెట్టే ముందు బంగారాన్ని మిషన్‌లో పెట్టాలి. అది ఎంత వినాలో ముందే లెక్క ఉంది; అంతకంటే తక్కువ విన్నా, ఎక్కువ విన్నా ఎర్ర దీపమే. పచ్చ దీపం వస్తే మిషన్ బాగున్నట్టు. అప్పుడు స్టార్ట్ నొక్కితే ఆ రోజు లెక్క మొదలవుతుంది. ఎర్ర దీపం వస్తే మిషన్ ఆపేసి నన్ను పిలవాలి. ఈ మాట కన్నడం, తెలుగు, ఉర్దూ మూడింటిలోనూ రాసి గోడకు అంటించాం.

నేను చేరిన దగ్గర్నుంచి ఒక్క పొద్దున కూడా ఏ మిషన్ బంగారం దగ్గర తప్పినట్టు కంప్యూటర్‌లో లేదు. అన్నీ పచ్చవే. వచ్చినవాళ్ళకు అది చూపించి గొప్పలు చెప్పేవాళ్ళం. ఒక్క మచ్చ కూడా లేని రికార్డు కనిపిస్తే ముందు అనుమానపడండి. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు, మీకు నేను చెబుతున్నాను.

మూడో మిషన్ దగ్గర పనిచేసే ఆమెను అందరూ గాజులక్క అనేవారు. రాయచూరు బజారులో వాళ్ళ నాన్నది గాజుల దుకాణం. దుకాణంలోనే పెరిగి, దుకాణంలోనే లెక్కలు నేర్చుకున్న మనిషి. కంపెనీ పెట్టినప్పుడు మొట్టమొదట చేరింది ఆమే. తమాషా ఏమిటంటే, మా లైన్‌లో చేతికి ఒక్క గాజు కూడా ఉండకూడదు. ఆ చప్పుడు కూడా మైకులు వింటాయి. ఆమె రోజూ పొద్దున గాజులన్నీ తీసి పెట్టెలో పెట్టి, మణికట్టుకు పసుపు దారం ఒకటి కట్టుకుని లోపలికి వచ్చేది. సాయంత్రం మళ్ళీ గాజులు వేసుకుని, చెయ్యి ఒకసారి ఆడించి, ఆ చప్పుడు విని బస్సెక్కేది.

ఆమె పనిలో వంక పెట్టడానికి నాకెప్పుడూ ఏమీ దొరకలేదు. కొత్తగా వచ్చిన పిల్లలకు పని నేర్పేదీ ఆమే. ఎవరైనా పళ్ళెం మీద దుమ్ము ఉందని నోటితో ఊదబోతే, మాటలేమీ లేకుండా చెయ్యి అడ్డం పెట్టేది. ఆమెను లైన్‌కు ఇన్‌చార్జి చేయమని నేను సావుకారుతో చెప్పి ఉన్నాను. చేద్దాం, చేద్దాం అంటున్నాడు.

అప్పుడు వచ్చింది ఫిర్యాదు. మా దగ్గర మైకులు కొనేవాళ్ళలో చెవిటివాళ్ళు పెట్టుకునే చెవి మిషన్లు తయారుచేసే కంపెనీ ఒకటుంది. వాళ్ళకు పంపిన మైకుల్లో చాలావాటికి వినికిడి తక్కువగా ఉందట. పెద్దవయసువాళ్ళు ఆ మిషన్లు చెవిలో పెట్టుకుని, ఎంత పెంచినా ఎదుటివాళ్ళ మాట పక్కింట్లోంచి వస్తున్నట్టు ఉందని తిరిగి ఇచ్చేస్తున్నారట. వాళ్ళు రాసి పంపిన చుట్టల నంబర్లు చూస్తే పాడైన మైకులన్నీ మూడో మిషన్ మీద పరీక్షించినవే.

సావుకారు నన్ను పిలిచాడు. ముందు బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. తప్పు ఎక్కడ జరిగింది, ఎవరివల్ల జరిగింది, ఇక ముందు జరగకుండా ఏం చేస్తారు అని ఆ కంపెనీవాళ్ళు అడిగిన కాగితం.

"మూడో మిషన్ మీద ఎవరున్నరు సార్?" అన్నాడు, తెలిసే.

నేను చెప్పాను.

"అయితే ఆ పేరు రాయండ్రి. ఆళ్ళ ఆఫీసరు వస్తున్నడు. వచ్చేసరికి మనం మనిషిని తీసేసినమని చెప్పాలె. లేకపోతే ఆర్డరు పోతది."

ముందు కారణం తెలుసుకుంటానని గడువు అడిగాను. సరేనన్నాడు గాని, పేరు సంగతి ఆయన మనసులో అప్పటికే తేలిపోయిందని నాకు తెలుసు. ఇలాంటి పని ఈ జిల్లాలో ఇంకెక్కడా లేదు. ఖరాబ్ మాల్ పంపిందన్న పేరుతో బయటికి వెళ్తే ఆమెకు మిగిలేది వాళ్ళ అన్న నడుపుతున్న గాజుల దుకాణంలో ఒక మూల స్టూలు. ఆ స్టూలు మీద కూర్చోవడం ఇష్టం లేకనే ఇంట్లో అందరితో పోట్లాడి ఈ పనిలోకి వచ్చింది.

కారణం మాత్రం దొరకలేదు. కంప్యూటర్ చూస్తే మూడో మిషన్ రోజూ పొద్దున బంగారాన్ని పచ్చగానే చూపించింది. మిషన్ బాగుంది, మనిషి బాగుంది, మైకులు మాత్రం బాగాలేవు. స్పీకరు మార్చాను. తీగలు మార్చాను. బంగారాన్ని ప్రయోగశాలకు పంపి కొలిపించాను. అదీ బాగానే ఉంది. గాజులక్కను అడిగితే, "అంత మంచిగనే నడుస్తున్నది సార్" అంది. ఆమె దాచిపెడుతోందని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. అదే నన్ను ఇంకా గాభరాపెట్టింది.

ఆ తలనొప్పిలో ఉండగా ఒక పొద్దున మా ఆవిడ నా చేతిలో కుక్కర్ రబ్బరు పెట్టింది. కొత్తగా కొన్నదే. ఆవిరి ఆగడం లేదు, మార్చి తెమ్మంది. బజారులో అది కొన్న గిన్నెల దుకాణం అప్పుడే తెరిచారు. దుకాణదారు నీళ్ళు చల్లి, అగరుబత్తి తిప్పుతున్నాడు. నేను రబ్బరు బయటికి తీసేసరికి రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు.

"సార్, జర ఆగి రాండ్రి. ఇంక బోణీ కాలే."

"మార్చి ఇవ్వడానికి ఎంతసేపయ్యా?"

"సేపు సంగతి కాదు సార్. పొద్దుగాల పొద్దుగాల ఖరాబ్ మాల్ చేతుల పడితే దినమంత గట్లనే నడుస్తది. గిప్పుడు మీరు రాలే, నేను చూడలే. చాయ్ తాగి రాండ్రి, మార్చి ఇస్త."

ఎదురుగా హోటల్లో టీ తాగుతూ చూశాను. ఎవరో వచ్చి ఒక చెంచా కొనుక్కుని వెళ్ళారు. దుకాణదారు ఆ డబ్బు కళ్ళకద్దుకుని, నా వైపు చూసి రమ్మని చెయ్యి ఊపాడు. ఇప్పుడు ఒక్క మాట అడగకుండా రబ్బరు తీసుకుని, నవ్వుతూ కొత్తది ఇచ్చాడు. మోసగాడు కాడు. లోపం ఉందని ఒప్పుకుంటాడు, మారుస్తాడు. కాకపోతే బోణీకి ముందు వచ్చిన లోపం ఆయన లెక్కలోకి రాదు.

మాది పొలం ఇల్లు. బోణీ అంటే కొనేవాడి వైపు నుంచే తెలుసు. మొదటి బేరం మనదైతే కాస్త తగ్గించి ఇస్తారన్నంత వరకే. అటు వైపు కూర్చున్నవాళ్ళకు అది ఎలా ఉంటుందో ఆ పొద్దున చూశాను. ఇంటికి వచ్చేదారిలో గాజుల దుకాణాల వరస దాటుతుంటే కాళ్ళు ఆగిపోయాయి. మా లైన్‌లో పిల్లలు సగంమందికి పైగా బజారు ఇళ్ళవాళ్ళే. కిరాణా, బట్టలు, గాజులు, ఇత్తడి.

మర్నాడు ఎప్పుడూ వెళ్ళేదానికంటే ముందే వెళ్ళి అద్దం అవతల నిలబడ్డాను. గాజులక్క డబ్బీలోంచి బంగారం తీసి మూడో మిషన్‌లో పెట్టింది. ఎర్ర దీపం. బయటికి తీసింది, మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్ర దీపం. తీసి, ఇంకోసారి పెట్టింది. ఈసారి పచ్చ దీపం. మిషన్‌కు దండం పెట్టుకుని స్టార్ట్ నొక్కింది. పక్క మిషన్ల దగ్గర పిల్లలు కూడా తలా ఒకసారి పెట్టి, పచ్చ దీపం చూసి, అలాగే దండం పెట్టుకున్నారు. స్టార్ట్ నొక్కినప్పుడు, దానికి ముందు వచ్చిన ఆ ఒక్క పచ్చ దీపాన్నే కంప్యూటర్ రాసుకుంటుంది. అంతకుముందు జరిగింది దానికి కూడా లెక్కలో లేదు.

లోపలికి వెళ్ళాను. నన్ను చూసి ఆమె ఉలిక్కిపడలేదు. "జల్దీ వచ్చిండ్రు సార్" అని నవ్వింది.

"ఆ ఎర్ర దీపం ఏమిటమ్మా?" అన్నాను.

"ఏది సార్?"

"ఇప్పుడే వచ్చింది కదా, పచ్చ రాకముందు."

"ఓ, అదా. అది బోణీ కాకముందు సార్."

"అయితే?"

"అయితే ఏంది సార్? బోణీ కాలే కద. బోణీ అయినంక వస్తే మిమ్మల్ని పిలువనా?"

నేను మిషన్ మీదికి వంగేసరికి ఆమె నవ్వు తగ్గింది. రోజూ ఇలాగే వస్తోందా అని అడిగాను. ఎండలు ముదిరిన దగ్గర్నుంచి వస్తోందని, రెండు మూడుసార్లు పెడితే సర్దుకుంటుందని చెప్పింది. తక్కిన మిషన్ల మీద అరుదుగా వస్తుందట, వస్తే వాళ్ళూ ఇలాగే చేస్తారట.

మిషన్ ఆపి పెట్టె విప్పాను. కొలత మైకు చుట్టూ ఒక సన్నని రబ్బరు ఉంటుంది. మూడో మిషన్ పడమటి గోడ పక్కన ఉంది. రాత్రి ఏసీ ఆపేస్తారు. ఆ వేడికి రబ్బరు ఎండి గట్టిపడిపోయింది. సందులోంచి చప్పుడు బయటికి పోయేది. కొలత మైకుకు స్వరం తక్కువగా వినిపించేది. అప్పుడు మిషన్ పెట్టె లోపల స్వరాన్ని ఇంకా పెంచేది. అంత గట్టిగా అరిస్తే సగం చెవుడున్న మైకుకు కూడా బాగానే వినిపిస్తుంది, పచ్చ దీపం వస్తుంది. అరిగిపోయిన తూకం రాయితో తూచినట్టు అన్నమాట. పొద్దున బంగారానికి లెక్క కంటే ఎక్కువ వినిపించి మొదట ఎర్ర దీపం వచ్చేది. మూత రెండు మూడుసార్లు పడేసరికి రబ్బరు కాస్త సర్దుకుని, బంగారం దగ్గర సరిగ్గా చెప్పేది. పని మొదలై కాసేపయ్యాక మళ్ళీ సందు విడేది.

ఆ రబ్బరు ఆమె చేతిలో పెట్టాను. గోటితో నొక్కి చూసింది. కుక్కర్ రబ్బరు సంగతి కూడా చెప్పాను.

"అంటే సార్, గది మొదటిసారే సచ్చా చెప్పింది" అంది.

"అవునమ్మా."

"నేను పచ్చ అనేదాక దాన్ని ఇడవలే."

రబ్బరు నాకు తిరిగి ఇచ్చేసి, మణికట్టు మీద పసుపు దారం సర్దుకుంది. "మా అన్న దుకాణంల స్టూలు ఖాళీగనే ఉంది సార్" అంది. ఏడవలేదు. కారణం కనుక్కుని ఆమెను గట్టెక్కిద్దామనుకున్నాను. కనుక్కున్నాను. ఇప్పుడు ఆమె పేరు రాయడానికి ఇంకా బలమైన ఆధారం సావుకారు చేతికి ఇవ్వబోతున్నాను.

సావుకారుకు అంతా చెప్పాను. ఇది ఒక మనిషి తప్పు కాదని, లైన్ మొత్తం అలాగే చేస్తోందని, పద్ధతిలోనే పొరపాటు ఉందని చెప్పాను. ఓపికగా విన్నాడు. రబ్బరు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పద్ధతి, పద్ధతి అంటరు. పద్ధతికి జీతం ఇస్తున్ననా నేను? మనిషికి ఇస్తున్న. మనిషి పేరు రాయండ్రి" అన్నాడు.

"అందరూ చేశారండీ."

"అందర్ని తీసేస్తే లైన్ మీరు నడుపుతరా? సుమ్నె, ఊకె ఉండండ్రి సార్. ఒక్క పేరు. ఆమె మిషన్ మీదనే అయ్యింది కద."

ఆ కంపెనీ ఆఫీసరు వచ్చిన రోజు కాగితంలో తక్కినవన్నీ నింపి, పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంచాను. ధైర్యం అనుకోకండి. బయటివాడి ముందు సావుకారు గొంతు పెంచడని, ఆ కాస్త సందులో ఇంకోసారి అడిగి చూడవచ్చని నా ఆశ. ఆఫీసరు హైదరాబాదు మనిషి. ఎక్కువ మాట్లాడడు. లైన్ అంతా తిరిగి చూసి, రబ్బరు చూసి, నేను చెప్పింది రాసుకున్నాడు. బోణీ సంగతి చెబుతుంటే మాత్రం పెన్ను ఆపి నా ముఖంలోకి చూశాడు.

తర్వాత సావుకారు గదిలో కూర్చున్నాం. గాజులక్కను పిలిపించి తలుపు దగ్గర నిలబెట్టారు. ఆమె గాజులు వేసుకునే వచ్చింది. ఇక లోపలికి పంపరని తెలుసుకుని వేసుకుందేమో, నేను అడగలేదు. కాగితం నా చేతిలోనే ఉంది.

సావుకారుకు ఒక అలవాటు ఉంది. కొత్తగా ఎవరు వచ్చినా టీ తెప్పించి, గోడ మీద టీవీలో కంపెనీ ప్రారంభోత్సవం వీడియో చూపించాల్సిందే. నేను చేరకముందు జరిగిన పండగ అది. ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. సన్నాయి, పూలదండలు, కొబ్బరికాయ, ఊరి పెద్దలు, సావుకారు పట్టుపంచె. అది నడుస్తుంటే ఆయన టీవీ వైపు చూడడు. చూసేవాళ్ళ ముఖాలు చూస్తూ కూర్చుంటాడు. ఆ రోజు కూడా, ఇలాంటి గొడవలో కూడా, అలవాటుగా రిమోటు నొక్కాడు.

కొబ్బరికాయ కొట్టారు. చప్పట్లు. దండలు వేసిన మిషన్ ముందు పట్టుచీరలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. అప్పటి గాజులక్క. సావుకారు ఒక చిన్న డబ్బీ ఆమెకు ఇచ్చాడు, ఆమె అందులోది తీసి మిషన్‌లో పెట్టింది. నా చూపు ఎప్పుడూ దండల మీదో, నాకు తెలిసిన ముఖాల మీదో ఉండేది. ఆ రోజు మొదటిసారి దీపం మీద పడింది.

ఎర్ర దీపం.

వీడియోలో ఆ అమ్మాయి వెనక్కి తిరిగింది. సన్నాయి చప్పుడులో కూడా మాట తెలుస్తోంది. "సావ్కార్, ఎర్రది వచ్చింది."

సావుకారు గొంతు, ఇంకా గట్టిగా, నవ్వుతూ: "ఏం కాదు తీయ్. ఇంక బోణీ కాలే. మల్ల పెట్టు."

ఆమె మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్ర. "మల్ల పెట్టు, మల్ల పెట్టు" అని ఈసారి చుట్టూ ఉన్నవాళ్ళంతా. ఇంకోసారి పెట్టింది. పచ్చ దీపం. అందరూ చప్పట్లు కొట్టారు. సావుకారు ఆమె తల మీద అక్షింతలు వేశాడు.

"కాస్త ఆపుతారా?" అన్నాడు ఆఫీసరు.

సావుకారు అప్పుడు టీవీ వైపు చూశాడు. వీడియో వెనక్కి తిప్పమన్నాడు ఆఫీసరు. తిప్పాడు. ఈసారి సావుకారు కూడా మొదటి నుంచి చూశాడు. తన గొంతు తనే విన్నాడు.

తలుపు వైపు తిరిగాడు. "ఆ దినం నువ్వు చెప్పినవ్ కద" అన్నాడు. అడుగుతున్నట్టు లేదు.

"చెప్పిన సావ్కార్" అంది గాజులక్క. "మీరు మల్ల పెట్టమన్నరు. అప్పటి సంది మల్ల పెడ్తున్నం."

ఆ గొంతులో దెప్పిపొడుపు ఏమీ లేదు. లైన్‌లో కొత్తపిల్లలకు పని నేర్పేటప్పుడు మాట్లాడే గొంతే. ఉన్న సంగతి చెప్పింది.

సావుకారు నా చేతిలో కాగితం తీసుకున్నాడు. పేరు కోసం వదిలిన ఖాళీని కాసేపు చూశాడు. ఆయన సొంత పేరు రాస్తాడని నేను అనుకోలేదు, మీరూ అనుకోకండి. వ్యాపారి. పెన్ను తీసి ఆ ఖాళీ మీద అడ్డంగా ఒక గీత కొట్టి, కాగితం నా వైపు తోశాడు.

"పద్ధతి అని రాయండ్రి సార్" అన్నాడు.

పద్ధతికి జీతం సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆఫీసరు కాగితం తీసుకుని, "పద్ధతి మార్చి చూపించండి, ఆర్డరు సంగతి అప్పుడు మాట్లాడదాం" అని లేచాడు. గాజులక్క ఇంకా తలుపు దగ్గరే ఉంది. "ఏం నిలబడ్డవ్? లైన్ల ఎవరున్నరు?" అన్నాడు సావుకారు. ఆమె గాజులు తీస్తూనే వరండాలో నడిచింది. ఆ చప్పుడు వింటూ నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. అంత సంతోషం ఆ ఉద్యోగంలో నాకు మరెప్పుడూ కలగలేదు.

పద్ధతి మార్చడం అనుకున్నంత తేలిక కాలేదు. రబ్బర్లు మార్చాం, పడమటి గోడకు అడ్డు కట్టాం, మధ్యాహ్నం కూడా బంగారం పెట్టి చూడాలన్నాం. పెట్టిన ప్రతిసారీ, స్టార్ట్ నొక్కకముందు కూడా, కంప్యూటర్ రాసుకునేలా చేశాం. బోణీ మాత్రం పోలేదు. ఎర్ర దీపం వస్తుందేమో అన్న భయంతో పిల్లలు బంగారం పెట్టే ముందు మూతను నాలుగుసార్లు ఉత్తినే ఆడించి చూసుకోవడం మొదలుపెట్టారు. వద్దంటే తల ఊపేవారు, మర్నాడు మళ్ళీ అదే. బజారు ఇంట్లో పుట్టినవాళ్ళకు రోజు మొదట్లోనే ఖరాబ్ మాట వినడం నచ్చదు. దాన్ని నోటీసుతో మాన్పించడం నావల్ల కాదని ఒప్పుకున్నాను.

సరే, బోణీ ఉండనిద్దాం, బోణీ చేసే సరుకు మారుద్దాం అనుకున్నాను. వినికిడి కాస్త తక్కువగా ఉన్న మైకు ఒకటి, పరీక్షలో కొద్దిలో తప్పేది, మిషన్‌కు ఒకటి చొప్పున ఏరి ఇంకో డబ్బీలో పెట్టాను. పొద్దున మొట్టమొదట అది పెట్టాలి. మిషన్ బాగుంటే దాన్ని పట్టుకుని ఎర్ర దీపం చూపించాలి. పచ్చ చూపిస్తే మిషన్ అబద్ధం ఆడుతున్నట్టు, ఆపేయాలి. ఆ తర్వాతే బంగారం.

పిల్లలు ముఖాలు చూసుకున్నారు. "పొద్దుగాల్నే ఎర్రదా సార్?" అంది ఒకమ్మాయి. "బోణీకా?"

గాజులక్క ముందుకు వచ్చింది.

"ఎర్రది మంచిది కాదని ఎవరు చెప్పిండ్రే నీకు?" అంది ఆ అమ్మాయితో. "కుంకుమ ఏ రంగు ఉంటది? మా దుకాణంల పెండ్లికూతురికి మొదలు ఏ గాజులు తీసి చూపిస్తరు? ఎర్రది వస్తే మిషన్ కండ్లు మంచిగున్నట్టు. దొంగను పట్టినట్టు. గింతకన్న మంచి బోణీ ఏముంటది?"

ఆ రోజుతో అయిపోయింది. ఇప్పుడు పొద్దున లైన్‌లోకి వెళ్తే వరసగా ఎర్ర దీపాలు వెలుగుతాయి, ఒక్కో మిషన్ దగ్గర 'అయ్యింది, అయ్యింది' అని వినిపిస్తుంది. ఆర్డరు ఆగిపోయి, కొన్నాళ్ళకు తిరిగి వచ్చింది. గాజులక్క లైన్ ఇన్‌చార్జి అయింది. సావుకారు వీడియోలో ఆ ముక్క కత్తిరించేస్తాడని అనుకున్నాను. కత్తిరించలేదు. ఇప్పుడు సరిగ్గా అక్కడ వీడియో ఆపి, "చూడండ్రి, మా అమ్మాయి ఆ దినమే చెప్పింది" అంటాడట, ఆమెకు చెప్పడం తానే నేర్పినట్టు. చెప్పుకోనివ్వండి. అమ్మడం ఆయన పని.

నా ఆఖరి రోజున దండ వేస్తారని, సావుకారు మాట్లాడతాడని తెలిసి సాయంత్రానికి సిద్ధపడి వెళ్ళాను. పొద్దున లైన్ తలుపు దగ్గరే గాజులక్క నన్ను ఆపింది. చెప్పులు విప్పించి, టోపీ పెట్టించి, మూడో మిషన్ దగ్గరికి తీసుకెళ్ళి చిన్న డబ్బీ చేతిలో పెట్టింది.

"ఈ దినం బోణీ మీదే సార్."

మైకును పెట్టాను. మూత పడింది. పిల్లలందరూ చుట్టూ చేరి చూస్తున్నారు. ఎర్ర దీపం వెలిగింది.

అందరూ చప్పట్లు కొట్టారు.